ఎనభై కిలోల బస్తా 592 ఎలా అయ్యింది?

(శ్రీకాకుళంలో డిప్లొమా, బీటెక్ విద్యార్థులకు అసెంబ్లీ (ప్రాసెసర్‌కి నేరుగా ఆదేశాలిచ్చే భాష) ల్యాబ్ మొదలయ్యే ముందు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. బోర్డు మీద రాసిన కోడ్‌ని మాటల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను స్పీడు కాస్త తగ్గించండి బాబూ, నా గొంతు కంటే దాని గొంతు పెద్దదిగా ఉంది. సరే.

మీ ల్యాబ్ లిస్టులో ఈ ప్రోగ్రాం ఒక్క లైనే ఉంటుంది. యూజర్ ఇచ్చిన సంఖ్యలు చదివి అర్రేలో, అంటే మెమరీలో వరస గదుల్లో, దాచాలి, అంతే. సీ భాషలో అయితే ఫర్ లూపు, లోపల ఒక స్కానెఫ్, పని అయిపోతుంది. అదే 8086 అనే పాత ఇంటెల్ ప్రాసెసర్ కోసం అసెంబ్లీలో రాయమంటే మాత్రం సగం క్లాసు సీనియర్ల రికార్డు కోసం బయల్దేరుతుంది. దింపేస్తారు, రన్ అవుతుంది, సంతకం పడుతుంది. వైవాలో "ఈ లైను ఎందుకు?" అని అడిగితే టెన్షన్.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఒకటే. అసెంబ్లీలో "సంఖ్యని చదవడం" అనే పనే లేదు. "అర్రే" అనే వస్తువూ లేదు. కీబోర్డు నుంచి అక్షరాలు వస్తాయి, మెమరీలో బైట్లు ఉంటాయి. ఆ రెండింటికీ మధ్య ఉన్నదంతా మీరు రాసుకోవాల్సిందే. ఎక్కడ పెట్టాలో, ఎన్ని పెట్టాలో, ఎప్పుడు ఆపాలో మీరు చెప్పకపోతే మెషీన్ మిమ్మల్ని అడగదు. తనకి తోచింది చేసేస్తుంది, అదీ మాట్లాడకుండా.

లెక్క మనదే తీసుకుందాం. పలాస, కాశీబుగ్గ వైపు నుంచి వచ్చినవాళ్లున్నారా? ఉన్నారు, చేతులు లేస్తున్నాయి. జీడిపిక్కల రేటు ఎప్పుడడిగినా 80 కిలోల బస్తాకే చెప్తారు కదమ్మా? మరి ఐదు బస్తాలు కాటా మీద పెట్టాం. 80, 79, 81, 80, 78 వచ్చాయి. ఈ ఐదూ కీబోర్డు మీద కొట్టాలి, మెమరీలో వరసగా పడాలి, తిరిగి స్క్రీన్ మీదకి రావాలి.

అందరూ ముందుగా రాసేది డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఒకటో నంబరు ఫంక్షన్‌తో. ఏహెచ్, ఏఎల్, ఎస్ఐ లాంటివి ప్రాసెసర్ లోపలి చిన్న గదులు, వాటిని రిజిస్టర్లంటారు. ఇంట్ 21హెచ్ అనేది డాస్‌ని పిలిచే ఆదేశం. ఏహెచ్‌లో 1 పెట్టి ఇంట్ 21హెచ్ అంటే, డాస్ ఒక కీ కోసం ఆగుతుంది. నొక్కిన అక్షరం స్క్రీన్ మీద పడుతుంది, ఏఎల్‌లోకీ వస్తుంది. మీరు 8 నొక్కారనుకోండి, ఏఎల్‌లో 8 ఉండదు. 56 ఉంటుంది, అంటే హెక్స్‌లో (పదహారు ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో) 38. ఆస్కీ, అంటే అక్షరాలకి నంబర్లిచ్చే పట్టికలో అంకెలు 48 దగ్గర మొదలై 57 దగ్గర ఆగుతాయి. అందుకే ఏఎల్‌లోంచి 30హెచ్, అంటే హెక్స్ 30, మామూలు లెక్కలో 48 తీసేస్తాం. అప్పుడు అసలు 8 దొరుకుతుంది. దాన్ని ఎస్ఐ చూపిస్తున్న చోట పెట్టి, ఎస్ఐని ఒకటి పెంచి, లూప్.

దీంతో ఒక్క అంకె సంఖ్యలు చదవచ్చు గానీ బస్తాలు తూచలేం. 80 కొడితే ఒక గదిలో 8, పక్క గదిలో 0 పడతాయి. అవి రెండూ కలిసి ఒకే బరువని ప్రోగ్రాంకి ఎవరు చెప్పారు? ఎంటర్ కొడితే అదీ ఒక అక్షరమే, దాని కోడు 13. దాంట్లోంచి 48 తీసేస్తే మైనస్ 35. బైట్‌లో సంజ్ఞ లేకుండా చూస్తే అది 221. తప్పు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కినా సరే, ఆ బ్యాక్‌స్పేసూ ఒక బస్తాయే!

కాబట్టి పెద్ద సంఖ్యలకి 0ఏ, అంటే పదో నంబరు ఫంక్షన్ వాడాలి. ఇది లైను మొత్తం ఒకేసారి తెస్తుంది. బ్యాక్‌స్పేస్ సంగతి డాసే చూసుకుంటుంది. కానీ దానికి మీరు ముందే చోటు, అంటే బఫర్, సిద్ధం చేసి, ఆ చోటు అడ్రసుని డీఎక్స్‌లో పెట్టి పిలవాలి. ఆ చోటుకి ఒక పద్ధతుంది. పెళ్లి భోజనాల్లో బంతి వేస్తారు కదా, అలా అనుకోండి. ఎన్ని విస్తళ్లు వేశామన్నది మొదటి బైటు, అది మీరు రాయాలి. ఎంతమంది కూర్చున్నారన్నది రెండో బైటు, అది డాస్ రాస్తుంది. అక్షరాలు మూడో బైటు నుంచి మొదలు. చివర ఎంటర్‌కీ ఒక విస్తరి కావాలి. కానీ రెండో బైటులోని లెక్కలో దాన్ని కలపరు.

మనం మొదటి బైటులో 6 పెడదాం. ఐదు అంకెలు, ఒక ఎంటర్. పదహారు బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 65535, దానికి ఐదు అంకెలే కదా. ఇప్పుడు 80 కొట్టి ఎంటర్ నొక్కితే బఫర్‌లో వరసగా ఏముంటాయి? 06, 02, 38, 30, 0డి. ఇది మీ పుస్తకంలో కాకుండా మీ స్క్రీన్ మీద చూడండి. డీబగ్ అనే డాస్ ప్రోగ్రాంలో డి అని కొడితే బైట్లన్నీ కనిపిస్తాయి. ఆరో అంకె కొట్టబోతే డాస్ బీప్ కొట్టి ఊరుకుంటుంది, తీసుకోదు.

ఆ 38, 30ని 80గా మార్చడం తెలిసిందే. ఏఎక్స్‌లో సున్నాతో మొదలుపెట్టాలి. ప్రతి అంకెకీ ఉన్నదాన్ని పదితో గుణించి కొత్త అంకె కలపాలి. సున్నా ఇంటూ పది ప్లస్ ఎనిమిది, ఎనిమిది. ఎనిమిది ఇంటూ పది ప్లస్ సున్నా, ఎనభై.

ఇక అర్రే. ఒక్కో బరువూ బైట్‌లో పడుతుంది, 255 దాకా చోటుంది. కానీ మొదటి నాలుగు బస్తాలు కూడితేనే 320 అయిపోతుంది. కాబట్టి వర్డులు వాడదాం. బరువులు అని పేరు పెట్టి, డీడబ్ల్యూ 5 డూప్ అని రాస్తే పది బైట్లు వస్తాయి. ఒక్కో గదికీ రెండు బైట్లు, చిన్న బైటు ముందు, పెద్ద బైటు వెనక. డీఐని రెండేసి జరపాలి. ఒకటే జరిపారనుకోండి, 80 మీద 79 సగం ఎక్కి కూర్చుంటుంది. మొదటి గదిలో 50, 4ఎఫ్ అని బైట్లుంటాయి. దాన్ని వర్డుగా చదివితే 20304 కిలోలు. ఒక్క బస్తా, లారీ లోడంత.

ఇప్పుడు బోర్డు మీద ఒక పూర్తి ప్రోగ్రాం రాస్తున్నాను. కావాలనే ఇందులో ఒక దొంగని దాచాను. పట్టుకోండి చూద్దాం.

డేటా సెగ్మెంట్ (మన డేటా ఉండే మెమరీ భాగం) మొదట్లో బరువులు, ఐదు వర్డులు. దాని వెనకే బఫర్. దాని వెనక పది అనే పేరుతో ఒక వర్డు, అందులో 10. కోడ్‌లో ముందు డీఐకి బరువుల అడ్రసు, డీఎక్స్‌కి బఫర్ అడ్రసు, సీఎక్స్‌కి 5. ఇక్కడి నుంచి లూపు. సీఎక్స్‌ని స్టాక్ మీదకి పుష్ చేస్తాం, అంటే పక్కన దాచి పెడతాం, ఎందుకంటే లోపలి లూపుకీ సీఎక్సే కావాలి. ఏహెచ్‌లో 0ఏ పెట్టి ఇంట్ 21హెచ్. బఫర్ రెండో బైటులోని లెక్క సీఎల్‌లోకి, సీహెచ్ సున్నా. ఎస్ఐ బఫర్ మూడో బైటు దగ్గర. ఏఎక్స్ సున్నా. లోపలి లూపులో మల్ (గుణించే ఆదేశం) పది. ఎస్ఐ చూపిస్తున్న అక్షరం బీఎల్‌లోకి, దాంట్లోంచి 30హెచ్ తీసేసి, బీహెచ్ సున్నా చేసి, ఏఎక్స్‌కి బీఎక్స్ కలుపు. ఎస్ఐ పెంచు, లూప్. బయటికొచ్చాక ఏఎక్స్‌ని డీఐ చూపిస్తున్న చోట పెట్టు, డీఐకి రెండు కలుపు. తర్వాత డీఎల్‌లో 0ఏ పెట్టి, రెండో నంబరు ఫంక్షన్‌తో కొత్త లైను. సీఎక్స్ పాప్, బయటి లూపు.

కొత్త లైను ఎందుకని ఎవరో అడుగుతున్నారు. 0ఏ ఫంక్షన్‌లో ఎంటర్ కొడితే కర్సర్ అదే లైను మొదటికి వెళ్తుంది, కిందికి దిగదు. కిందికి దించకపోతే రెండో బరువు మొదటి బరువు మీదే కనిపిస్తుంది.

రన్ చేద్దాం. 80, 79, 81, 80, 78. స్క్రీన్ మీద చక్కగా అవే వచ్చాయి. రికార్డులో రాసేసుకోవచ్చు, సంతకం కూడా పడిపోతుంది. ఎక్కడుంది దొంగ?

ఇప్పుడు ఆ కొత్త లైను ముక్క చెరిపేస్తున్నాను. ఒట్టి అలంకారమే కదా అది, తీసేస్తే ఏమవుతుంది? మళ్లీ అవే బరువులు కొడుతున్నాను. చూడండి ఏమొచ్చాయో. 592, 14391, 13, 80, 80.

(నవ్వులు)

నవ్వకండి. ఈ ఐదు సంఖ్యల్లో ఒక్కటీ ఊరికే రాలేదు. ఒక్కోటీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేయొచ్చు.

మల్ పదహారు బిట్ల సంఖ్యతో చేస్తే జవాబు ముప్పై రెండు బిట్లు. కింది సగం ఏఎక్స్‌లో, పై సగం డీఎక్స్‌లో. మనది చిన్న సంఖ్య కాబట్టి పై సగం సున్నా. అంటే మల్ జరిగిన ప్రతిసారీ డీఎక్స్ సున్నా అయిపోయింది. మనమేమో బఫర్ అడ్రసుని ఒకేసారి, లూపు బయట, డీఎక్స్‌లో పెట్టి నిశ్చింతగా ఉన్నాం. మొదటి బస్తా సరిగ్గానే వచ్చింది. రెండోసారి డాస్‌ని పిలిచేటప్పుడు డీఎక్స్‌లో సున్నా ఉంది. డేటా సెగ్మెంట్‌లో సున్నా దగ్గర ఏముంది? మన బరువుల అర్రే ఉంది. డాస్‌కి అది అర్రే అని తెలీదు, బఫర్ అనే అనుకుంటుంది. మొదటి బైటు చూసింది. అక్కడ 80 ఉంది, మనం పెట్టిన మొదటి బస్తా బరువు. ఓహో, ఇందులో 80 అక్షరాలు పడతాయన్నమాట అనుకుంది. రెండో బైటులో తన లెక్క రాసింది, 2. ఇప్పుడు ఆ రెండు బైట్లు కలిపి వర్డుగా చదవండి. రెండు ఇంటూ 256 ప్లస్ 80. 592. మీ ఎనభై కిలోల బస్తా అలా పెరిగింది.

ఆ వెనక అక్షరాలు. చివరిగా కొట్టిన 78, అంటే 37, 38. చిన్న బైటు ముందు కాబట్టి 3837 హెక్స్, 14391. దాని వెనక ఎంటర్, 13. మరి చివరి రెండు 80లు? మన కోడ్ అంకెల్ని అసలు బఫర్‌లోంచే చదువుతోంది కదా. అక్కడ మొదటి 80 అలాగే ఉండిపోయింది. ప్రతిసారీ పాత 80నే మళ్లీ మార్చి పెట్టింది.

మరి కొత్త లైను ఉన్నప్పుడు ఎలా పనిచేసింది? అక్కడ డీఎల్‌లో, అంటే డీఎక్స్ కింది సగంలో, 0ఏ పెట్టాం. పై సగం డీహెచ్ ఎలాగూ సున్నా. అంటే డీఎక్స్‌లో 10. బరువులు ఐదు వర్డులు, పది బైట్లు. కాబట్టి బఫర్ అడ్రసు కూడా 10! లైను దించే కోడూ, బఫర్ అడ్రసూ ఒకటే అవ్వడంతో గట్టెక్కింది. గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టు.

బస్తాలు ఆరు చేద్దాం, కొత్త లైను ఉంచే. ఇప్పుడు బఫర్ 12 దగ్గరికి జరిగింది. డీఎక్స్ మాత్రం 10. అది ఆరో గది, ఇంకా సున్నాతోనే ఉంది. మొదటి బైటు సున్నా అంటే ఒక్క విస్తరీ లేదని. డాస్ ఏమీ చదవకుండా వెంటనే తిరిగొచ్చేస్తుంది. మీరు ఒక్కసారి 80 కొడితే చాలు, మిగతా ఐదింటికి ఆగనే ఆగదు, ఆరు ఎనభైలు చూపించేస్తుంది. ల్యాబ్‌లో ఇలాంటప్పుడు మనవాళ్లు కీబోర్డు మార్చమంటారు. పక్క సిస్టమ్‌కి వెళ్లి కూర్చుంటారు. పాపం దాని తప్పేముంది?

మందు ఒక్క లైను. డీఎక్స్‌లో బఫర్ అడ్రసు పెట్టడం లూపు లోపలికి, డాస్‌ని పిలిచే ముందుకి తీసుకెళ్లడమే.

ఈ మొదటి బైటు సంగతి వదిలే ముందు ఒక మాట. ఎంత చోటుందో చదివేవాడికి చెప్పకపోవడం ల్యాబ్‌తో పోయే తప్పు కాదు. 1988 నవంబర్ 2న మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో పాకింది. అది మెషీన్లలోకి దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ సర్వీసు, యూజర్ల వివరాలు చెప్పేది. ఆ సర్వీసు 512 బైట్ల బఫర్‌లోకి సీ లైబ్రరీలోని గెట్స్‌తో లైను చదివేది. గెట్స్‌కి చోటు ఎంతో చెప్పే వీలే లేదు. వర్మ్ అంతకంటే పొడవైన లైను పంపి, స్టాక్ మీద ఉన్న తిరుగు అడ్రసుని మార్చేసింది. చివరికి 2011 సీ ప్రమాణంలో గెట్స్‌ని తీసేశారు. ఆ లెక్కన డాస్ 0ఏ ఫంక్షన్ మర్యాదస్తురాలే, ముందే ఎంత చోటని అడుగుతుంది. మీరు అబద్ధం చెప్తే అది ఏం చేస్తుంది?

ఇంకో రెండు చిన్న గుంటలున్నాయి. ఏమీ కొట్టకుండా ఒట్టి ఎంటర్ నొక్కితే లెక్క సున్నా, సీఎక్స్ సున్నా. లూప్ అనే ఆదేశం సీఎక్స్‌లోంచి మొదట ఒకటి తగ్గించి, ఆ తర్వాత సున్నానా అని చూస్తుంది. కాబట్టి సున్నాతో దిగితే 65536 సార్లు తిరుగుతుంది. లోపలి లూపు ముందు జేసీఎక్స్‌జెడ్ (సీఎక్స్ సున్నా అయితే దాటి వెళ్లే ఆదేశం) పెట్టండి. రెండోది, అంకె కాని అక్షరం. చాలామంది హెక్స్ 30 కంటే తక్కువా, 39 కంటే ఎక్కువా అని రెండు కంపేర్లు రాస్తారు. ఒకటి చాలు. ముందు 30హెచ్ తీసేసి, 9తో పోల్చి, జేఏ (సంజ్ఞ లేకుండా చూసి, పెద్దదైతే దూకే ఆదేశం) వాడండి. 30 కంటే చిన్నవి తీసివేతలో సున్నా కిందికి వెళ్లి, సంజ్ఞ లేని లెక్కలో పెద్దవైపోతాయి, అవీ దొరికిపోతాయి. ఇక్కడ జేజీ రాస్తే మాత్రం కుదరదు. అది సంజ్ఞతో చూస్తుంది, మైనస్‌లన్నీ చల్లగా జారిపోతాయి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయి, చెప్పమ్మా.

విద్యార్థిని: సార్, అర్రేకి డీఐ బదులు సీఎక్స్ పెడితే ఎర్రర్ వస్తోంది. బ్రాకెట్‌లో సీఎక్స్ ఎందుకు పనికిరాదు?

8086లో మెమరీ అడ్రసు రాసే బ్రాకెట్ లోపలికి నాలుగు రిజిస్టర్లకే ప్రవేశం. బీఎక్స్, బీపీ, ఎస్ఐ, డీఐ. తర్వాత వచ్చిన 80386లో ముప్పై రెండు బిట్ల అడ్రసుల్లో ఆ కట్టుబాటు సడలింది. బీపీతో జాగ్రత్తమ్మా, ఏమీ చెప్పకపోతే అది డేటా సెగ్మెంట్‌లో కాకుండా స్టాక్ సెగ్మెంట్‌లో వెతుకుతుంది. అర్రే ఉన్నచోట చెత్త కనిపించిందంటే ముందు ఇదే చూడు.

విద్యార్థి: ఇప్పుడు డాస్ ఎవరు వాడుతున్నారు సార్? లైనక్స్‌లో అయితే ఇదంతా ఉండదు కదా?

ఎందుకుండదు బాబూ? బట్టలు మార్చుకుని ఉంటుంది. 64 బిట్ల లైనక్స్‌లో ఆర్‌ఏఎక్స్‌లో 0 పెడితే రీడ్. ఆర్‌డీఐలో 0, అంటే కీబోర్డు. ఆర్‌ఎస్ఐలో బఫర్ అడ్రసు, ఆర్‌డీఎక్స్‌లో ఎంత చోటో. తర్వాత సిస్‌కాల్, లైనక్స్‌ని పిలిచే ఆదేశం. ఎన్ని బైట్లు వచ్చాయో ఆర్‌ఏఎక్స్‌లో తెలుస్తుంది. ఇక్కడ ఎంటర్‌ని కూడా లెక్కలో కలుపుతుంది, దాని కోడు కూడా 13 కాదు, 10. చోటు కంటే ఎక్కువ కొడితే బీప్ ఉండదు. మిగిలినవి అలాగే ఆగి, తర్వాతి రీడ్‌లో వస్తాయి. అంటే ఒక బస్తా తోక ఇంకో బస్తాకి అంటుకుంటుంది.

ఇందాకటి దొంగకి అన్న కూడా ఉన్నాడక్కడ. సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ తిరిగొచ్చే అడ్రసుని ఆర్‌సీఎక్స్‌లో, ఫ్లాగుల్ని ఆర్11లో దాచుకుంటుంది. ఆర్‌సీఎక్స్‌తో లూపు తిప్పుతూ లోపల సిస్‌కాల్ పిలిస్తే మీ ఐదు ఎగిరిపోయి, అక్కడ ఒక అడ్రసు కూర్చుంటుంది. ఇక ఆ లూపు తెల్లారేదాకా తిరిగినా ఆశ్చర్యం లేదు. పుష్ చేసుకోండి, లేదా లెక్కకి ఆర్‌బీఎక్స్ వాడండి.

మరో విద్యార్థి: సార్, యూజర్ తెలుగు అంకెలు కొడితే?

మంచి ప్రశ్న వేశావురా! డాస్‌లో ఆ సౌకర్యం లేదు. లైనక్స్‌లో ౮౦ కొట్టావనుకో, నీకు రెండు బైట్లు రావు, ఆరు వస్తాయి. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో తెలుగు అంకెకి మూడేసి బైట్లు. మొదటి రెండూ అన్ని అంకెలకీ ఒకటే, ఈ0, బీ1. మూడోది సున్నాకి ఏ6, అక్కడి నుంచి వరసగా తొమ్మిదికి ఏఎఫ్. కాబట్టి మూడేసి బైట్లు దాటుకుంటూ వెళ్లు. మొదటి రెండూ అవేనా అని చూసి, మూడో దాంట్లోంచి 30కి బదులు ఏ6 తీసేయి. పదితో గుణించడం మామూలే. రాసి తీసుకురా, ల్యాబ్‌లో చూద్దాం. బఫర్ చోటు మాత్రం ఆరు సరిపోదు సుమా. ఐదు అంకెలకి పదిహేను, ఎంటర్‌తో పదహారు పెట్టుకో.